తిన్నదంతా బయటికే పోతోంది: క్లోమ లోపం ఉన్న జర్మన్ షెపర్డ్‌కు ఎలా పెట్టాలి, ఏం పెట్టాలి?

మల్లి ఇంటివారు (అనంతపురం), ఫిబ్రవరి 9

అందరికీ నమస్కారం. మా ఇంట్లో మూడేళ్ల ఆడ జర్మన్ షెపర్డ్ ఉంది, పేరు మల్లి. దసరా నాటికి 29 కిలోలు ఉన్న కుక్క సంక్రాంతి వెళ్లాక తూకం వేస్తే 20 కిలోలకు దిగింది. తిండి మానేసి చిక్కిపోయిందంటే అర్థం చేసుకోవచ్చు గాని, దీని ఆకలి రెండింతలైంది. గిన్నె నేలకు ఆనకముందే మూతి పెడుతుంది, ఖాళీ గిన్నెను నాకి నాకి గోడ దాకా నెట్టుకుపోతుంది, ఎంగిలాకులు, మట్టి, చివరికి తన మలాన్ని కూడా తింటోంది. రోజుకు ఆరేడుసార్లు, ఆవు పేడ వేసినట్టు పెద్ద కుప్పగా, పాలిపోయిన పసుపు రంగులో, పైన నూనె పూసినట్టు మెరుస్తూ పోతుంది. కడుపులో గుడగుడ రాత్రిపూట పక్క గదిలోకి వినిపిస్తుంది. వీపు మీద చెయ్యి పెడితే వెన్నుపూసలు ఒక్కొక్కటీ వేళ్లకు తగులుతున్నాయి.

మొదట నులిపురుగులని మూడుసార్లు మందు వేయించాం. తరువాత ఒకచోట రక్తపరీక్ష చేసి, అమైలేజ్, లైపేజ్ అనే జీర్ణ ఎంజైములు రెండూ సరిగానే ఉన్నాయి కాబట్టి క్లోమంలో (ప్యాంక్రియాస్‌లో) ఏ లోపమూ లేదని చెప్పి పంపారు. ఆ మాట నమ్మి రెండు నెలలు పోగొట్టుకున్నామన్న బాధ నాకు ఇప్పటికీ తీరలేదు. చివరికి మరొక వైద్యురాలు మలాన్ని కళ్లతో చూసిన వెంటనే టి.ఎల్.ఐ. అనే, క్లోమం పనితీరును తేల్చే రక్తపరీక్ష చేయించమన్నారు. 12 గంటలు పస్తు ఉంచి, రక్తం తీసి, సీరం వేరుచేసి వేరే నగరానికి పంపారు. ఫలితం లీటరుకు 1.1 మైక్రోగ్రాములు వచ్చింది. 2.5 కంటే తక్కువ ఉంటే క్లోమం జీర్ణరసాలను దాదాపుగా తయారు చేయడం లేదని అర్థమట. ఆ జీర్ణరసాలకు బదులుగా తిండిలో కలిపే ఎంజైమ్ పొడి రాసిచ్చారు. 18 రోజులుగా వేస్తున్నాం. మలం కొంచెం గట్టిపడింది, బరువు మాత్రం ఒక్క అర కిలో కూడా పెరగలేదు. ఇదే జబ్బు ఉన్న కుక్కను సాకినవారు ఎవరైనా ఉంటే మేము ఎక్కడ తప్పు చేస్తున్నామో చెప్పండి.

గండికోట గాలి (జమ్మలమడుగు), ఫిబ్రవరి 9

మీరు రాసిన ప్రతి లక్షణమూ ఐదేళ్ల కిందట మా ఇంట్లో చూసిందే. మా కుక్క ఇప్పటికీ ఈ జబ్బుతోనే, 31 కిలోల బరువుతో, గేటు దగ్గర కాపలా కాస్తోంది. కాబట్టి ముందు ధైర్యంగా ఉండండి. తప్పు ఎక్కడ ఉందో చెప్పాలంటే నాకు కొన్ని సంగతులు తెలియాలి. రోజుకు ఎన్నిసార్లు పెడుతున్నారు, ఏం వండుతున్నారు, పొడిని ఎప్పుడు, దేనిలో, ఎంత కలుపుతున్నారు, పూటల మధ్య ఇంకేమైనా తింటోందా, విటమిన్ బి12 పరీక్ష చేయించారా? దాచకుండా, ఉన్నది ఉన్నట్టు రాయండి.

మల్లి ఇంటివారు (అనంతపురం), ఫిబ్రవరి 10

ఉదయం, రాత్రి రాగి సంకటి. అందులో కోడి మాంసం వండిన నీళ్లు, కొన్ని ముక్కలు వేసి, సంకటి వేడిగా ఉండగానే ఒక చెంచా పొడి చల్లి కలిపి, ఆరాక పెడుతున్నాం. వేడిలో అయితే పొడి బాగా కరుగుతుందని అనుకున్నాం. మధ్యాహ్నం కొద్దిగా మజ్జిగ అన్నం పెడతాం, దానిలో పొడి వేయడం లేదు. పక్కింటి పిల్లలు సాయంత్రం బిస్కెట్లు వేస్తారు. దాని చూపు చూడలేక మా అమ్మ కూడా చపాతీ ముక్క వేస్తుంది. బి12 గురించి మాకు ఎవరూ చెప్పలేదు.

గండికోట గాలి (జమ్మలమడుగు), ఫిబ్రవరి 10

మీ జాబులోనే మీ ప్రశ్నకు సమాధానం ఉంది. మీ తప్పేమీ లేదు, మాకు కూడా మొదటి నెల ఇవన్నీ ఎవరూ చెప్పలేదు.

మొట్టమొదట వేడి సంగతి. ఎంజైములు మాంసకృత్తులు. చెయ్యి పెట్టలేనంత వేడిలో వేస్తే గుడ్డులోని తెల్లసొన ఉడికి గట్టిపడినట్టు అవి పనికిరాకుండా పోతాయి. పొయ్యి మీద నుంచి దించిన సంకటి ముద్ద పైకి ఆరినట్టు కనిపించినా నడుమ ఎంత సేపు సెగ ఉంటుందో మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఈ 18 రోజులూ మల్లికి అందిన మందు మీరు వేసిన దానిలో ఏ కొంచెమో అయి ఉంటుంది. మా ఇంట్లో పాటించే పద్ధతి ఇది: తిండిని పళ్లెంలో పలచగా పరిచి, వేలు లోపలికి గుచ్చి చూసి, ఎక్కడా వేడి తగలదని తేలాకే పొడి చల్లి, కొద్దిగా నీళ్లు పోసి, ప్రతి మెతుకుకూ అంటేలా చేత్తో కలుపుతాం. కలిపాక మళ్లీ వేడి చేయం.

కొలత కూడా సరిచూసుకోండి. పొడికి సాధారణంగా మొదట్లో 10 కిలోల బరువుకు పూటకు ఒక చిన్న చెంచా చొప్పున మొదలుపెడతారు. 20 కిలోల కుక్కకు ఒక్క చెంచా అంటే సగమే. అయితే డబ్బా డబ్బాకూ బలం మారుతుంది కనుక మీ డబ్బా మీద రాసిన లైపేజ్ యూనిట్లను మీ వైద్యురాలికి చూపించి, ఆమె చెప్పినంతే వేయండి.

ఇక పొడి కలపని ప్రతి ముద్దా, అది బిస్కెట్ అయినా, చపాతీ తునక అయినా, మజ్జిగ అన్నమైనా, అరగకుండా పేగులోకి దిగుతుంది. అక్కడ అది సూక్ష్మజీవులకు ఆహారమై పులుస్తుంది. గుడగుడ శబ్దం, ఆ పులిసిన వాసన అందువల్లే. పక్కింటి పిల్లలను ఒకరోజు పిలిచి, మల్లి పళ్లెంలో పొడి ఎలా కలుపుతారో చూపించి, కారణం చెప్పండి. మేము అలాగే చేశాం. పిల్లలు పెద్దవాళ్ల కన్నా ముందే అర్థం చేసుకున్నారు.

చివరిది, రాగి. దీనికి మన వైపు వాళ్లకు మనసొప్పదని తెలుసు. పీచు ఎక్కువైతే ఎంజైముల పనికి అడ్డుపడుతుంది, మలం పరిమాణం కూడా పెరుగుతుంది. ఈ జబ్బులో సంకటి కన్నా మెత్తగా ఉడికించిన తెల్ల అన్నం మంచిది.

రాప్తాడు రైతు, ఫిబ్రవరి 11

పెద్దలు మన్నించాలి. మా తాతల నాటి నుంచి మా కళ్లం దగ్గర కుక్కలు సంకటి, మజ్జిగ తినే బతికాయి, పన్నెండు పదమూడేళ్లు బతికినవి కూడా ఉన్నాయి. ఈ నేలలో పండేది, ఇంట్లో వండేది కుక్కకు పడదంటే నాకు మింగుడు పడడం లేదు. డబ్బాలో తిండి కొని పెట్టమని చెప్పడానికి ఇది మొదటి మెట్టు అవుతుందేమోనని నా భయం.

పశువైద్యుడు (కడప వైపు), ఫిబ్రవరి 11

రైతుగారి మాటలో న్యాయం ఉంది. క్లోమం చక్కగా పనిచేసే కుక్కకు సంకటి పెట్టవద్దని నేను ఎవరికీ చెప్పను. మల్లి సంగతి వేరు. క్లోమం రెండు పనులు చేస్తుంది. ఒకటి ఇన్సులిన్‌ను రక్తంలోకి వదలడం, రెండోది కొవ్వును, పిండిపదార్థాన్ని, మాంసకృత్తులను విడగొట్టే రసాలను చిన్నపేగులోకి పంపడం. ఈ జబ్బులో రెండో పని చేసే కణాలు క్రమంగా నశిస్తాయి. సుమారు 85 నుంచి 90 శాతం నశించేదాకా బయటికి ఏమీ తెలియదు, అందుకే నిన్నటిదాకా బాగున్న కుక్క మూడు నెలల్లో ఎండిపోయినట్టు కనిపిస్తుంది. జర్మన్ షెపర్డ్ జాతిలో ఇది వంశపారంపర్యంగా ఎక్కువ, చాలావరకు చిన్న వయసులోనే బయటపడుతుంది. మల్లితో పిల్లలు పెట్టించవద్దు.

రక్తంలో లైపేజ్ సరిగా ఉన్నంత మాత్రాన క్లోమం బాగున్నట్టు కాదు. అమైలేజ్, లైపేజ్ శరీరంలో వేరే చోట్ల నుంచి కూడా రక్తంలోకి వస్తాయి. టి.ఎల్.ఐ. కొలిచే పదార్థం మాత్రం క్లోమం నుంచే వస్తుంది, అందుకే ఈ జబ్బును తేల్చడానికి ఆ పరీక్ష మీదే ఆధారపడతాం. స్కానింగులో క్లోమం మామూలుగా కనిపించినా దాన్ని పట్టుకుని జబ్బు లేదనకూడదు.

ఇప్పుడు అసలు విషయం బి12. తిండిలోని బి12 పేగులో ఇంకాలంటే దాన్ని వెంటపెట్టుకుని తీసుకెళ్లే ఒక మాంసకృత్తు కావాలి. మనుషుల్లో దాన్ని పొట్ట తయారు చేస్తుంది, కుక్కల్లో ప్రధానంగా క్లోమమే తయారు చేస్తుంది. కాబట్టి ఈ జబ్బు ఉన్న కుక్కల్లో చాలావాటికి బి12 అడుగంటి ఉంటుంది, మీరు వేసే పొడి ఆ లోటును తీర్చదు. పొడి సరిగ్గా వేసినా బరువు పెరగని కుక్కలో నేను మొదట చూసేది ఇదే. వారానికి ఒక ఇంజెక్షన్ చొప్పున 6 వారాలు, తరువాత నెల రోజులకు మరొకటి ఇచ్చి, ఆపైన మళ్లీ పరీక్షించడం వాడుకలో ఉన్న పద్ధతి. మోతాదు బరువును బట్టి మీ వైద్యురాలే నిర్ణయించాలి. ఇంజెక్షన్లకు తిరగలేనివారికి నోటి ద్వారా రోజూ ఎక్కువ మోతాదు ఇచ్చినా పనిచేస్తుంది.

యాంటీబయాటిక్ మీ అంతట మీరు మొదలుపెట్టకండి. పొడి, తిండి, బి12 మూడూ సరిచేశాక కూడా గుడగుడ తగ్గకపోతే అప్పుడు ఆలోచిస్తాం.

రాప్తాడు రైతు, ఫిబ్రవరి 11

వివరంగా చెప్పారు డాక్టర్ గారూ. జబ్బు కుక్కకు పత్యం, మంచి కుక్కకు సంకటి. నాకు అర్థమైంది.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు), ఫిబ్రవరి 13

పొడి దొరకని వారాల్లో మా కుక్కను పచ్చి మేక క్లోమమే నిలబెట్టింది, అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మాంసం కొట్టులో ‘క్లోమం ఇవ్వండి’ అంటే ఎవరికీ అర్థం కాలేదు. గుండె, కార్జం, బోటి అడిగేవాళ్లే తప్ప దీన్ని అడిగినవాళ్లు లేరట. నేనే తెల్లవారుజామున వెళ్లి బోటి శుభ్రం చేసే చోట కూర్చుని చూశాను. పొట్ట నుంచి చిన్నపేగు మొదలయ్యే మొదటి వంపులో, ఆ మడతను అంటిపెట్టుకుని, లేత గులాబీ రంగులో, అంచులు సరిగా లేని మెత్తటి ముక్క ఒకటి ఉంటుంది. కొవ్వు అనుకుని దాన్ని కోసి పారేస్తారు. తేడా తెలియాలంటే వేళ్ల మధ్య పెట్టి చూడండి. కొవ్వు తెల్లగా, జిడ్డుగా జారుతుంది. ఇది చిన్న చిన్న గింజలను పక్కపక్కన అతికించినట్టు గరుకుగా తగులుతుంది, నిలవ ఉంటే రంగు మారుతుంది. కొట్టు అతనికి ఒకసారి చూపిస్తే చాలు, ఆ తరువాత ఆదివారం పూట నాకోసం విడిగా గిన్నెలో తీసి పెట్టేవాడు.

ఒక్కో మేక నుంచి చిన్న ముక్కే వస్తుంది. ఒక చిన్న చెంచా పొడికి బదులు 30 నుంచి 90 గ్రాములు అవసరం పడుతుంది, 20 కిలోల కుక్కకు పూటకు దానికి రెండింతలు, కనుక ఒక్క రోజుకే చాలా మేకలవి కావాలి. ఆదివారం వచ్చినదంతా తెచ్చి, కత్తితో సన్నగా కొట్టి, పూటకు ఒక పొట్లం చొప్పున కట్టి ఫ్రీజర్‌లో పెట్టేవాళ్లం. గడ్డకట్టినా దాని శక్తి నెలల తరబడి ఉంటుంది, ఉడికిస్తే మాత్రం పోతుంది. పొట్లాన్ని చల్లటి నీళ్లలో ఉంచి మంచు విడిపించాలి తప్ప వేడినీళ్లలో వేయకూడదు.

పశువైద్యుడు (కడప వైపు), ఫిబ్రవరి 13

పద్ధతి సరైనదే, ఒక హెచ్చరిక చేరుస్తాను. ఫ్రీజర్‌లో పెట్టడం వల్ల పచ్చి మాంసంలోని బాక్టీరియా చావదు. కోసిన పీట, కత్తి ఇంటి వంటకు వాడకండి, చేతులు సబ్బుతో కడగండి. ఇంట్లో పసిపిల్లలు, వృద్ధులు, జబ్బుతో నీరసించినవారు ఉంటే పొడితోనే సరిపెట్టుకోవడం క్షేమం. పంది క్లోమం జోలికి పోకండి.

ఆదోని అక్క, ఫిబ్రవరి 14

పొడి కలిపాక 20 నిమిషాలు నానబెట్టి పెట్టాలని మాకు చెప్పారు, మేము అలాగే చేస్తున్నాం. ఇక్కడ ఎవరూ ఆ మాట అనలేదే? మల్లి ఇంటివారు నానబెడుతున్నారా?

పశువైద్యుడు (కడప వైపు), ఫిబ్రవరి 14

అమ్మా, ముందుగా నానబెట్టడం వల్ల జీర్ణం మెరుగుపడుతుందని పరీక్షల్లో తేలలేదు. కలిపిన వెంటనే పెట్టినా ఫలితం అంతే. అయితే మీ అలవాటు వల్ల నష్టం కూడా లేదు. కొన్ని కుక్కలకు ఈ పొడి తడవకుండా నోటికి తగిలితే పెదవుల లోపల, నాలుక అంచున పుండ్లు పడతాయి, నీళ్లతో బాగా తడిపి కలిపితే ఆ బాధ తగ్గుతుంది. తిన్నాక మూతి తుడిచి, నీళ్లు తాగించండి. నోటి నుంచి రక్తం కనిపిస్తే పొడి మానేయకుండా వెంటనే వైద్యుడికి చెప్పండి, మోతాదు సర్దవచ్చు.

మల్లి ఇంటివారు (అనంతపురం), ఫిబ్రవరి 28

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి, ఫలితం కళ్లతో చూశాకే రాయాలనుకున్నాను. మీరు చెప్పినవన్నీ 11వ తేదీ నుంచి మొదలుపెట్టాం. మెత్తగా ఉడికిన తెల్ల అన్నం, తోలు తీసిన కోడి మాంసం, కొద్దిగా ఉడికించిన గుమ్మడి, మూడు పూటలుగా విడగొట్టి, ప్రతి పూటా మా వైద్యురాలు సరిచేసిన మోతాదులో పొడి. బి12 పరీక్షలో చాలా తక్కువ వచ్చింది, మూడో ఇంజెక్షన్ నిన్న అయింది.

ఐదో రోజున మలం రోజుకు రెండుసార్లకు తగ్గింది. తొమ్మిదో రోజు ఉదయం పెరట్లోకి వెళ్లి చూస్తే ముదురు గోధుమ రంగులో, గట్టిగా, కర్రతో ఎత్తితే విరగనంత చక్కగా ఉంది. కుక్క మలం చూసి మా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుందంటే ఈ జబ్బుతో వేగినవాళ్లకు తప్ప వేరెవరికీ అర్థం కాదు. మలం తినడం మానేసింది. బరువు నిన్నటికి 21.6 కిలోలు.

ఒక పొరపాటు కూడా చెప్పాలి. డబ్బా మూత తీసి పొడిని గిన్నెలో కుమ్మరించేటప్పుడు లేచే దుమ్ము పడక అమ్మకు రెండు రోజులు దగ్గు వచ్చింది. ఇప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుని, డబ్బాను గిన్నెకు దగ్గరగా ఉంచి, ముందు నీళ్లు చల్లి, ఆపైన పొడి వేస్తోంది. నాలుక అంచున చిన్న పుండు పడింది, నీళ్లు ఎక్కువ పోసి కలిపాక నాలుగు రోజుల్లో మానింది.

గండికోట గాలి (జమ్మలమడుగు), ఫిబ్రవరి 28

చదువుతుంటే నా కుక్క తొలి రోజులు గుర్తుకొచ్చాయి. ఒక్క మాట. ఇప్పుడు ఆకలి ఇంకా ఎక్కువగా అడుగుతుంది, బరువు పెరగాలన్న ఆత్రంతో ఒక్కసారిగా ఎక్కువ పెట్టకండి. పూటకు తిండి పెంచితే దానికి తగ్గట్టు పొడి కూడా పెంచాలి, లేకపోతే మళ్లీ మొదటికి వస్తుంది. గుమ్మడి కూడా ఒక చెంచాకు మించనివ్వకండి, అదీ పీచే. నేను ప్రతి ఆదివారం ఉదయం, తిండికి ముందు, ముందుగా కుక్కను ఎత్తుకుని తూకం మీద నిలబడి, తరువాత నేను ఒక్కడినే నిలబడి, తేడాను క్యాలెండర్ మీద రాస్తాను. పక్కనే మలం ఎలా ఉందో ఒక్క మాట. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ క్యాలెండర్ కాగితాన్నే తీసుకెళతాను.

వేంపల్లె వాసి, మార్చి 2

మా లాబ్రడార్ ఉన్నట్టుండి వాంతులు చేసుకుని, వీపు వంచి, తిండి ముట్టకుండా పడుకుంది. జాతరలో మాంసపు కొవ్వు బాగా తిన్నది. క్లోమమే పాడైందన్నారు. నేను కూడా ఈ పొడి మొదలుపెట్టాలా?

పశువైద్యుడు (కడప వైపు), మార్చి 2

వద్దు. మీరు చెప్పినది క్లోమానికి వాపు రావడం, ఇక్కడ మాట్లాడుతున్నది క్లోమరసం లేకపోవడం. రెండూ వేర్వేరు. వాంతులు, కడుపునొప్పి ఉన్న కుక్కను ఇంట్లో పొడులతో ఉంచకండి, ఈ రోజే చూపించండి. సెలైన్ ఎక్కించాల్సి రావచ్చు. కాస్త దూరమైనా సరే, ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలకు తీసుకెళ్లండి.

వేంపల్లె వాసి, మార్చి 4

చూపించాను. సెలైన్ పెట్టారు, నిన్న సాయంత్రం గంజి తాగింది. కృతజ్ఞతలు.

మల్లి ఇంటివారు (అనంతపురం), ఏప్రిల్ 6

బి12 ఆరు వారాలు పూర్తయ్యాయి. మొన్న ఆదివారం బరువు 25.1. ఉగాదినాడు మాత్రం ఒక దెబ్బ తగిలింది. చుట్టాలు వచ్చిన హడావిడిలో ఎవరో రెండు బొబ్బట్లు వేశారు, ఆ రాత్రే మళ్లీ గుడగుడ, మర్నాడు ఉదయం మూడుసార్లు పాత రకం మలం. మూడు రోజుల్లో సర్దుకుంది. ఇప్పుడు చుట్టాలు వచ్చినప్పుడు మల్లిని మిద్దె మీది గదిలో ఉంచి, దాని పళ్లెం, డబ్బా, చెంచా కూడా అక్కడే పెడుతున్నాం.

రెండు ప్రశ్నలు మిగిలాయి. ఎండలు 40 డిగ్రీలు దాటుతున్నాయి, పొడి డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టాలా? ఇకముందు పొడి ఎప్పటికైనా తగ్గించవచ్చా?

పశువైద్యుడు (కడప వైపు), ఏప్రిల్ 6

తేమ తగలని, ఎండ పడని చల్లటి చోట, మూత బిగించి ఉంచండి. రేకుల కప్పు కింద, కారులో, పొయ్యి పక్కన వద్దు. ఫ్రిజ్‌లో పెట్టి మాటిమాటికి తీస్తుంటే లోపల చెమ్మ పడుతుంది, కాబట్టి డబ్బా మీద రాసినట్టే చేయండి. తడి చెంచా ముంచకండి.

నశించిన కణాలు తిరిగి రావు కనుక పొడి జీవితాంతం ఉంటుంది. కానీ బరువు నిలబడి, మలం రెండు నెలలు చక్కగా ఉన్నాక, మోతాదును కొద్దికొద్దిగా తగ్గించి, మలం చెడిపోని కనిష్ఠ మోతాదు దగ్గర ఆపవచ్చు. ఇప్పుడే కాదు. 29 కిలోలకు చేరనివ్వండి. నెల తరువాత ఇంకొక బి12 ఇంజెక్షన్, ఆపైన నెలకు పరీక్ష ఉందని మరచిపోకండి.

మల్లి ఇంటివారు (అనంతపురం), ఏప్రిల్ 6

గండికోట గాలి గారు చెప్పినట్టు క్యాలెండర్‌లో రాసుకున్నాను: మే 4 ఇంజెక్షన్, జూన్ మొదటి వారంలో రక్తపరీక్ష. తుంగభద్ర ఒడ్డు గారూ, పొడి అయిపోతే పనికొస్తుందని మా వీధి చివరి మాంసం కొట్టుకు వెళ్లి, మీరు చెప్పినట్టు పేగు మొదటి వంపు దగ్గర చూపించమన్నాను. దొరికింది. ఈ ఆదివారం నుంచి పక్కన పెడతానన్నాడు.